పైన పటారం, లోన తుప్పు

1932లో ఫోర్డ్ కంపెనీ ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్‌ను సామాన్యులకు అందే ధరలో ఉన్న కారులో అమర్చింది. దాని బలం 65 హార్స్‌పవర్. ఆ కార్లు పాతబడి చౌకగా చేతులు మారడం మొదలయ్యాక దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు వాటి మడ్‌గార్డులు, బానెట్లు పీకేసి బరువు తగ్గించారు. ఇంజన్లకు పదును పెట్టి మ్యూరాక్ ఎండు సరస్సు మీద పరుగులు తీయించారు. ఆ పందేలకు ఒక పద్ధతి తేవడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. ఇలా మార్చిన కార్లకే తర్వాత హాట్ రాడ్ అనే పేరు స్థిరపడింది.

బానెట్ లేని కారులో చూపరుల కళ్లు ముందుగా పడేది ఇంజన్ పక్క నుంచి వంపు తిరిగి వచ్చే హెడర్ల మీదే. సిలిండర్ల నుంచి పొగను విడివిడిగా తీసుకొచ్చి ఒకచోట కలిపే ఉక్కు గొట్టాలివి. కంపెనీ బిగించే పోత ఇనుప మానిఫోల్డ్ కన్నా తేలిక. పొగ సులువుగా బయటపడుతుంది కాబట్టి ఇంజన్ బలమూ పెరుగుతుంది. అయితే గొట్టం గోడ పలచన. ఇంజన్ గట్టిగా శ్రమిస్తున్నప్పుడు లోపలి వాయువు వేడి 700 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ గొట్టానికి అందమూ కావాలి, ఆయుష్షూ కావాలి. చిక్కంతా ఇక్కడే.

మొదటి మోజు ఎప్పుడూ క్రోమ్ మీదే. నికెల్ పొర మీద అతి పలచగా పడే క్రోమియం అద్దంలా మెరుస్తుంది. ఇంజన్ బాగా వేడెక్కాక సిలిండర్ దగ్గర బంగారు ఛాయ మొదలవుతుంది, తర్వాత ఊదా, చివరికి నీలం. బుల్లెట్ మోటార్‌సైకిల్ సైలెన్సర్ వంపు దగ్గర నీలం తేలడం చూసినవారికి ఇది కొత్త కాదు. వేడికి లోహం మీద ఏర్పడే సన్నని ఆక్సైడ్ పొర, తడి రోడ్డు మీద నూనె తెట్టులా, కాంతితో ఆడుకునే ఆటే ఈ రంగులు. గాలి పాలు ఎక్కువై పెట్రోలు పాలు తగ్గినా, స్పార్క్ ఆలస్యంగా పడినా గొట్టం మరింత వేడెక్కి రంగు త్వరగా మారుతుంది. అంటే నీలం తేలినంత మాత్రాన ప్లేటింగ్ చేసినవాడిని తిట్టనక్కర్లేదు. అది ఇంజన్ చేస్తున్న ఫిర్యాదు కావచ్చు.

జేబుకు తేలికైనది సిలికోన్ రెజిన్‌తో చేసిన పెయింట్. 600 డిగ్రీలకు పైగా తట్టుకునే రకాలు స్ప్రే డబ్బాల్లోనే దొరుకుతాయి. అయితే పాత తుప్పును ఇసుక పేల్చి పూర్తిగా తొలగించాలి. చేతి జిడ్డు కూడా అంటకుండా తుడవాలి. పలచగా పొరలు వేసి, మెల్లగా వేడి పెంచుతూ, మధ్యలో చల్లారనిస్తూ గట్టిపరచాలి. ఇవేవీ చేయకుండా వేసిన పెయింట్ కొన్నాళ్లకే పెచ్చులూడుతుంది. అప్పుడు నింద పెయింట్ మీద పడుతుంది, అసలు దోషి తొందరపాటు.

రోడ్డు మీద నిజంగా తిరిగే కారుకు చాలామంది ఎంచుకునేది సిరామిక్ పూత. దీన్ని వర్క్‌షాపులో గొట్టం లోపలా బయటా చల్లి కొలిమిలో కాలుస్తారు. వెండిలా పాలిష్ చేసిన రకం దాదాపు 700 డిగ్రీల దాకా నిలుస్తుంది. అంతకు మించితే మసకబారుతుంది. క్రోమ్ అంత జిగి ఉండదు, కానీ తుప్పును అడ్డుకుంటుంది, ఇంజన్ చుట్టూ వేడినీ తగ్గిస్తుంది. కొత్త ఇంజన్‌ను మొదటిసారి నడిపేటప్పుడు మాత్రం పాత హెడర్లు బిగించుకోవడం మేలు. ట్యూనింగ్ కుదరని ఆ కాసేపట్లోనే ఖరీదైన పూత మాడిపోవచ్చు.

స్టెయిన్‌లెస్ స్టీల్‌కు పూత అవసరం లేదు. అయితే అదీ రంగు మారుతుంది, ధరా ఎక్కువ. ఇక గొట్టం చుట్టూ ఫైబర్‌గ్లాస్ పట్టీ చుట్టే పద్ధతి వేడిని లోపలే ఉంచుతుంది, కానీ పట్టీ తడిస్తే మామూలు ఉక్కు దాని చాటున కుళ్లుతుంది. పైన పటారం, లోన లొటారం అన్న సామెతకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

క్రోమ్ మోజుకు ఇంకో మూల్యం ఉంది. అది కారు యజమాని చెల్లించేది కాదు. ప్లేటింగ్ తొట్టిలో వాడే హెగ్జావలెంట్ క్రోమియం ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమవుతుంది. తొట్టి నుంచి లేచే తుంపరను పీల్చేది అక్కడి కార్మికులు, ఆ పక్క వీధుల్లో ఉండేవారు. అందుకే హాట్ రాడ్ పుట్టిన కాలిఫోర్నియాలోనే గాలి నాణ్యత చూసే ప్రభుత్వ బోర్డు 2023 మేలో కఠిన నిర్ణయం తీసుకుంది. అలంకార ప్లేటింగ్‌లో దీని వాడకానికి 2027 గడువు పెట్టింది. అదనపు జాగ్రత్తలు తీసుకునే సంస్థలకు 2030 దాకా వెసులుబాటు ఇచ్చింది. ట్రైవాలెంట్ క్రోమియం అనే ప్రత్యామ్నాయం ఉంది. ఛాయ కాస్త తేడా అని కార్లను పాత రూపానికి తెచ్చేవారు పెదవి విరుస్తారు. చిన్న ప్లేటింగ్ షాపులకు మాత్రం ఇది ఛాయ గొడవ కాదు, బతుకు సమస్య.

ట్రైలర్ ఎక్కి ప్రదర్శనకు వెళ్లి ట్రైలర్ మీదే తిరిగొచ్చే కారుకు ఏ పూతైనా నిలుస్తుంది. వానలో, ఎండలో, ట్రాఫిక్‌లో తిరిగే కారుకు సిరామిక్ నయం. డబ్బు లేకపోతే ఓపికగా వేసిన పెయింట్ నయం. ఎంచుకునేవాడు ముందుగా తేల్చుకోవాల్సింది ఒక్కటే: కారు నడపడానికా, చూపించడానికా? నడపడానికే అయితే హెడర్ మీద కాస్త మసక పట్టిందని చిన్నబుచ్చుకోనక్కర్లేదు.