జూన్ పదిహేను

మా పెద్దమ్మ కూతురు డాలస్‌లో ఉంటుంది. పోయిన జూన్‌లో ఫోన్ చేసి "ఇవాళ రాత్రి మా ఇంట్లో ఎవ్వరం పడుకోం రా" అంది. వాళ్లమ్మాయి టెన్నిస్ ఆడుతుంది. పదో తరగతి అప్పుడే అయింది. టెన్నిస్‌తో సహా అక్కడ చాలా ఆటల్లో, కాలేజీ కోచ్‌లు పిల్లల్ని తమ జట్టులోకి రమ్మని ఫోనో మెసేజో చేయాలంటే పదో తరగతి అయ్యాక వచ్చే జూన్ 15 దాకా ఆగాలట. పన్నెండు దాటగానే పిల్ల ఫోన్ మోగుతుందేమోనని ఇంటిల్లిపాదీ చూస్తున్నారు.

"పిల్ల ఫోనేనా? మీది కాదా?" అన్నాను.

"ఆడేది అదైతే నాకెందుకు చేస్తార్రా?"

అక్కకి తెలీదుగానీ, టెన్త్ పిల్లల్ని ఫోన్లో పట్టే ఉద్యోగం నేనూ చేశాను. 2013 జనవరి. డిగ్రీ రెండో సంవత్సరం. మా ఇల్లు సనత్‌నగర్, నాన్నకి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో లేత్ మిషన్ మీద పని. సాయంత్రం ఈఎస్ఐ ఆసుపత్రి ముందు నుంచి ఎస్సార్‌నగర్ మీదుగా అమీర్‌పేట దాకా నడిచేవాణ్ణి. జావా, ఒరాకిల్ బోర్డుల మధ్య ఓ మూడో అంతస్తు గదిలో ఒక జూనియర్ కాలేజీ తరఫున ఎనిమిది మందిమి ఫోన్లు చేసేవాళ్లం. చేతిలో జిరాక్స్ లిస్టు: స్కూలు, పిల్లాడి పేరు, తండ్రి పేరు, పని, ఫోన్ నంబరు. అవి ఎక్కణ్ణుంచి వచ్చాయని నేను అడగలేదు. అడ్మిషన్‌కి మూడొందలు.

ఇంటర్ బోర్డు షెడ్యూల్ ఇచ్చాకే అడ్మిషన్లు మొదలుపెట్టాలని రూలు. పరీక్షలకి ఇంకా రెండు నెలలుండగానే మేం సీట్లు "బ్లాక్" చేస్తున్నాం. పిల్లలు ఫోన్ ఎత్తితే "నాన్నగారికివ్వమ్మా" అనాలి. ఆ మాట మా పీఆర్వో మొదటిరోజే నేర్పాడు. నాకది కొత్తగా కూడా అనిపించలేదు. నా టెన్త్‌లో ఇలాంటి ఒకాయన మా ఇంటికొచ్చినప్పుడు కాఫీకి పాల ప్యాకెట్ తెమ్మని నన్ను కొట్టుకి పంపారు. తెచ్చేసరికి నాది ఎంపీసీ అయిపోయింది.

సరిగ్గా అదే జనవరిలో అమెరికాలో కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ, తన పెద్ద కాలేజీల విభాగంలో ఈ ఫోన్ల రూల్స్‌ని సడలించాలని తీర్మానించింది. ఈ మధ్యనే చదివి తెలుసుకున్నాను. 2007లో పిల్లలకి కోచ్‌లు టెక్స్ట్ మెసేజ్‌లు పంపడమే నిషేధించిన సంస్థ అది. 2012లో మగపిల్లల బాస్కెట్‌బాల్‌కి తలుపు తీసింది. 2013 తీర్మానం ఇంకా ముందుకెళ్లింది: ఎన్ని ఫోన్లయినా, ఎన్ని మెసేజ్‌లైనా చేసుకోవచ్చు. కోచ్‌లే చేయాలనీ లేదు, కాలేజీలో మిగతా సిబ్బందీ చేయొచ్చు. గగ్గోలు ఫుట్‌బాల్ కోచ్‌ల నుంచే వచ్చింది. డబ్బున్న కాలేజీలు ఫోన్లు చేయడానికే ఓ దండుని పెట్టుకుంటాయని వాళ్ల భయం. కొన్ని నెలల్లోనే ఆ మార్పులు అటకెక్కాయి. అయితే ఫుట్‌బాల్‌లో కూడా మెసేజ్‌ల మీద నిషేధం 2016లో పోయింది.

వాళ్లు భయపడిన దండు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎనిమిది కుర్చీలు, ఒక ఫ్యాను, గోడమీద టార్గెట్ చార్టు.

కోచ్‌లు ధర్మాత్ములని కాదు. అక్కడా పిల్లల వెనక బోలెడు డబ్బుంది. రోజుకి ఎన్ని మెసేజ్‌లన్న లెక్క సడలిస్తే నాకేం అభ్యంతరం లేదు, విసుగొస్తే పిల్లలే ఫోన్ మూసేస్తారు. మూసేయడానికి ఫోన్ వాళ్ల చేతిలో ఉండాలి, అంతే. మన దగ్గర 2024 జనవరిలో కేంద్రం కోచింగ్ సెంటర్లకి మార్గదర్శకాలిచ్చింది. పదహారేళ్లలోపు వాళ్లని చేర్చుకోవద్దంది, టెన్త్ పరీక్ష అయ్యాకే చేర్చుకోమంది. మంచిదే. కానీ చేర్చుకునే ముందు పిల్లల్ని ఒక మాట అడగమని ఎవరికి చెప్తాం?

ఒకరోజు లిస్టులో మా వీధి అంకుల్ పేరొచ్చింది. నాన్న పక్క షెడ్డులో వెల్డరు. వాళ్ల పెద్దోడు మా గల్లీ క్రికెట్‌లో బౌలరు, పాత రేడియోలు విప్పే పిచ్చి ఉండేది, పాలిటెక్నిక్‌కి పోతా అనేవాడు. ఆ నంబరు పక్కవాడికి ఇచ్చేయొచ్చు. ఆ వారం నా ఖాతాలో ఒక్క అడ్మిషనూ లేదు. చేశాను. గొంతు కొంచెం మార్చాను. అంకుల్ నన్ను గుర్తుపట్టలేదు, "సార్" అన్నాడు.

"బాబునోసారి అడిగి చెప్తా సార్."

"పదిహేనేళ్ల పిల్లాడికేం తెలుస్తుంది సార్, మీరు డిసైడ్ చేయాలి."

ఇదీ నేర్పిన మాటే. ఎల్లుండి అంకుల్ వచ్చి పదివేలు అడ్వాన్సు కట్టాడు. నేను కనపడకుండా లోపలి గదిలో కూర్చున్నాను. వాడు హాస్టల్లో చేరి, మొదటి సంవత్సరం సగంలో ఇంటికొచ్చేశాడు. అడ్వాన్సు సంగతి సరే, ఫీజులో కూడా రూపాయి వెనక్కి రాలేదు. ఆ తర్వాత వాడు నాతో మామూలుగానే మాట్లాడేవాడు. నేనే ఆటకి వెళ్లడం మానేశాను.

మూడేళ్ల తర్వాత అంకుల్ బస్టాపులో పట్టుకున్నాడు. రెండోవాడు టెన్త్‌కొచ్చాడట.

"నువ్వు చదువుకున్నోడివి కదా బాబూ, ఏ కాలేజీ అయితే మంచిదంటావ్?"

"వాణ్ణి అడిగారా అంకుల్?"

నవ్వాడు. "పదిహేనేళ్ల పిల్లాడికేం తెలుస్తుంది?"