ఆల్ప్స్ అడవిలో ఒక వేసవి

ఖమ్మం నుంచి వైరా, తల్లాడ, ఏన్కూరు మీదుగా కొత్తగూడెం పోయే బస్సు ఎక్కితే, కొత్తగూడెం రాకముందే జూలూరుపాడు వస్తుంది. ఇక్కడికి వచ్చేసరికి పొలాల దేశం ముగిసి అడవి దేశం మొదలవుతున్న సంగతి కంటికే తెలిసిపోతుంది. ఒకవైపు పత్తిచేలు, మిరపతోటలు. మరొకవైపు టేకు, మద్ది, ఇప్ప, తునికి. ఈ రెంటికీ నడుమ గట్టు వేసినట్లుండే గీత ఏదీ లేదు. ఆ గీత ఎక్కడున్నదన్న తగవుతోనే మా ప్రాంతంలో తరాలు గడిచిపోయాయి. పోడు కొట్టుకొన్న రైతు దానిని ఒకచోట చూపిస్తాడు. అటవీశాఖవారి పటం మరొకచోట చూపిస్తుంది.

ఆ గీత పక్కనే ఉన్న ఒక కోయగూడెం నుంచి వచ్చి, మా దగ్గర ఇంటర్మీడియట్ చదివి, తరువాత అటవీశాస్త్రంలో పైచదువుకు పోయిన అమ్మాయి 2024 వేసవిలో పన్నెండు వారాలు స్విట్జర్లాండులో పరిశోధన చేసి వచ్చింది. స్విట్జర్లాండు అనగానే మన ఇళ్ళల్లో మంచుకొండల క్యాలెండరూ, ఆ మంచులో పలచని చీర కట్టుకొని పాట పాడే సినిమా నాయికా జ్ఞాపకం వస్తారు. ఈ అమ్మాయి చూసివచ్చిన స్విట్జర్లాండు వేరు. పదిమందికీ చెప్పదగినదని తోచి, ఆమె అనుమతితో, ఆమె పేరు చెప్పకుండా వ్రాస్తున్నాను.

జ్యూరిక్ నగరానికి దగ్గరలో బిర్మెన్స్‌డోర్ఫ్ అనే ఊరున్నది. అడవి, మంచు, భూదృశ్యం - ఈ మూడింటి మీద పరిశోధన చేసే స్విస్ సమాఖ్య ప్రభుత్వ సంస్థ అక్కడ ఉన్నది. దాని పుట్టుక 1885 నాటిది. చెట్టు వలయాలను చదవడంలో ఆ సంస్థకు లోకమంతటా పేరున్నది. బోలుగా ఉండే సన్నని బరమాను చెట్టు మానులోకి తిప్పి, పెన్సిలు కన్న సన్నని కర్రపుల్లను బయటికి లాగుతారు. చెట్టు చావదు, గాయం తానే మాన్పుకొంటుంది. ఆ పుల్లను నునుపు చేసి సూక్ష్మదర్శిని కింద పెడితే సంవత్సరానికొక వలయం కనిపిస్తుంది. వసంతంలో పెరిగిన కర్ర లేతరంగుగాను, వేసవి చివర పెరిగినది ముదురురంగుగాను ఉంటాయి. నీళ్ళున్న ఏడు వలయం వెడల్పు. కరువు ఏడు వెంట్రుకంత సన్నం. మన కరణాలు కాగితాల మీద వ్రాసిన దస్తరం చెదలు తినిపోయింది కాని, చెట్టు వ్రాసుకొన్న దస్తరం మాత్రం పదిలంగానే ఉన్నది.

సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆ అమ్మాయి పని ఈ వలయాలు కొలవడం. మిల్లీమీటరులో నూరవ వంతుదాకా లెక్క. ఒక చెట్టు వలయాలను పక్క చెట్టు వలయాలతో సరిపోల్చి, ఎక్కడా ఒక ఏడు తప్పిపోలేదని రూఢి చేసుకోవాలి. ఒక్క వలయం జారిందా, వెనకటి సంవత్సరాలన్నీ తారుమారే. సాయంత్రం అయిదున్నరకు పని ముగించుకొని ఇంటికి ఫోను చేస్తే, ఇక్కడ రాత్రి తొమ్మిది గంటలు.

శని, ఆదివారాలు సెలవు. ఆ రెండు రోజులూ ఊళ్ళు చూస్తున్నానని ఆమె చెప్పినప్పుడు, తండ్రికి దిగులు పట్టుకొన్నది. ఒకనాడు బస్టాండు దగ్గర నన్ను ఆపి, "సదువుకోను పంపితే ఊళ్ళు తిరుగుతాంది సారూ! అక్కడోళ్ళు ఏమనుకుంటరో, సగంల పంపిచ్చేస్తరేమో" అన్నాడు. ఆయన భయం న్యాయమైనదే. మన మధ్యతరగతి ఇళ్ళల్లోనూ పిల్లలు పైదేశం పోతే మొదట వచ్చే అనుమానం ఇదే కదా! ఆ మాట నేను ఫోనులో చెబితే ఆమె నవ్వి, "సార్, వలయాలు కొలిచేది ఇక్కడ. ఆ చెట్లున్నది కొండల మీద. కొండ చూడకుండా చెట్టునేం చదవను?" అన్నది. ఆమె ఒక నియమం పెట్టుకొన్నదట. వారంలో పనిచేస్తూండగా తనకు తెలియని మాట ఒకటి తగిలితే, దానిని ఒక చీటీ మీద వ్రాసుకొంటుంది. శనివారం ప్రయాణం ఆ చీటీని బట్టే.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. 2024లో అక్కడి ఫ్రాంకు ఒకటి మన డబ్బులో సుమారు నూరు రూపాయలు ఉండేది. రైలు టిక్కెట్లు సగం ధరకు ఇచ్చే కార్డు ఒకటి ఉన్నది. వెళ్ళగానే అది కొనుక్కొన్నది. హోటలు గడప తొక్కలేదు. గదిలో అన్నం వండి, ఖమ్మం మిరపకారంతో పులిహోర కలుపుకొని డబ్బాలో పెట్టుకొని బయలుదేరేది. నీళ్ళు కొననక్కరలేదు. ఒక్క జ్యూరిక్ నగరంలోనే పన్నెండువందలకు పైగా ఫౌంటెన్లున్నాయి. వాటి నీరు దోసిలి పట్టి తాగవచ్చు. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు గనుక బియ్యం, పాలు శనివారమే తెచ్చుకోవాలి.

ఒక వారం చీటీ మీద "రక్షణ అడవి" అనే మాట ఉన్నది. దానికోసం ఆండెర్‌మట్ వెళ్ళింది. సుమారు 1,440 మీటర్ల ఎత్తున కొండల నడుమ దొన్నెలాంటి లోయలో ఉన్న ఊరది. ఊరి నెత్తిన నిటారు కొండ. చుట్టూ కొండలు చాలావరకు బోడిగానే ఉంటే, ఊరికి సరిగ్గా పైన మాత్రం ఒక అడవి ముక్క. అది ఊరివాళ్ళు 1397లోనే కట్టుబాటు పత్రం వ్రాసుకొని కాపాడుకొన్న అడవి. అందులో కలప నరకరాదు. చెట్లు పోతే చలికాలంలో మంచు ఒక్కపెట్టున జారి ఊరిని పూడ్చివేస్తుందని వారికి తెలుసు. ప్రభుత్వమూ, అటవీశాఖా పుట్టకముందు, ప్రాణభయంతో ఊరు తనకు తాను విధించుకొన్న చట్టమది.

దేశమంతా అంత బుద్ధిగా ఉన్నదనుకోరాదు. పందొమ్మిదవ శతాబ్దంలో కలపకు, కట్టెబొగ్గుకు, పశువుల మేతకు ఆల్ప్స్ కొండలను గొరిగివేశారు. 1868 శరత్కాలంలో పెద్ద వరదలు వచ్చి లోయలు మునిగిపోయాయి. అప్పుడు మేలుకొని 1876లో సమాఖ్య అటవీ చట్టం చేశారు. అడవి విస్తీర్ణం తగ్గరాదు. ఒకచోట కొట్టితే మరొకచోట నాటాలి. మొదట ఎత్తుకొండలకే వర్తించిన ఆ చట్టాన్ని 1902లో దేశమంతటికీ విస్తరించారు. నేడు ఆ దేశంలో సుమారు మూడవ వంతు అడవి. అయితే అదంతా చట్టం చలవే అనడం సగం నిజం. రైళ్ళ మీద బొగ్గు వచ్చి వంటచెరకు అవసరం తగ్గింది. బతుకుతెరువు కోసం జనం పట్నాలకు పోయి కొండమీది మేతబీళ్ళు పాడుబడితే, అక్కడ చెట్లు వాటంతట అవే మొలిచాయి. బొగ్గు అక్కడ అడవికి ఊపిరి పోసింది. 1871లో మన ఇల్లెందు దగ్గర డాక్టర్ కింగ్ కనుగొన్న బొగ్గు మనకు అన్నం పెట్టింది కాని, ఉపరితల గనులు విప్పినచోట అడవిని తినివేసింది కూడా.

మరొక వారం సంస్థవారే ఆమెను వాలే ప్రాంతంలోని ఫిన్ అడవికి తీసుకుపోయారు. ఎండిపోతున్న దేవదారు జాతి చెట్లకు 2003 నుంచి వేసవిలో నీళ్ళు పెట్టి, పక్కనే నీళ్ళు పెట్టని చెట్లతో పోల్చి చూస్తున్న అడవి అది. కొన్నింటికి 2013లో నీళ్ళు ఆపి, అవి ఎలా తట్టుకొంటున్నాయో కూడా చూస్తున్నారు. మంచుకొండల దేశంలో కరువేమిటని మనకు అనిపించవచ్చు. ఆ లోయకు రెండు పక్కలా ఎత్తైన కొండలుండి మబ్బులను ఆపివేయడంవల్ల ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వానే పడుతుంది. మా ఖమ్మం అడవుల్లో అంతకన్న చాలా ఎక్కువ.

పని కాగానే శని, ఆదివారాలు అక్కడే ఉండిపోయి, కొండ చరియలవెంట శతాబ్దాల కింద తవ్విన కాలువల గట్ల మీద నడిచింది. మంచునది కరిగిన నీటిని మైళ్ళకొద్దీ తెచ్చి పొలాలకు అందించే కాలువలివి. కొన్నిచోట్ల రాతిగోడకు కొయ్యతొట్లు వేలాడదీసి వాటిలో నీరు పారించారు. ఎవరి వంతు ఏ గంటకో ఊరి కట్టుబాటు. మన చెరువు కింద తూము తీసి మడి మడికీ నీరు పంచే నీరటి అక్కడ కూడా ఉన్నాడన్నమాట! 2023లో ఈ పారుదల సంప్రదాయాన్ని యునెస్కో మానవజాతి వారసత్వంలో చేర్చింది.

తిరుగు ప్రయాణంలో లెమాన్ సరస్సు ఒడ్డు మీదుగా వచ్చింది. ఆ ఒడ్డున విల్నెవ్ అనే చిన్న ఊరున్నది. రౌండు టేబులు సమావేశం నుంచి తిరిగివస్తూ 1931 డిసెంబరులో గాంధీజీ రోమా రోలాను చూడడానికి అక్కడే కొన్నాళ్ళు ఆగారు. మరికొంత దూరంలోని లోజాన్‌లో 1936 ఫిబ్రవరి 28న కమలా నెహ్రూ కన్నుమూశారు. మన చరిత్రలో ఒక చిన్న పుట ఆ నీలపు నీటి పక్కన పడి ఉన్నది.

జెర్నెజ్ ప్రయాణం గురించి ఆమె చెప్పినప్పుడు నాలోని తెలుగు మాస్టారు చెవులు నిక్కబొడుచుకొన్నాడు. స్విస్ జాతీయ వనానికి గుమ్మం ఆ ఊరు. 1914 ఆగస్టు 1న స్థాపించిన ఆ వనంలో దారి దిగరాదు, పువ్వు కోయరాదు, పడిన చెట్టును తొలగించరు. అక్కడి వారి భాష రొమాన్ష్. దేశ జనాభాలో నూటికి ఒక్కరు కూడా మాట్లాడరు. అయినా 1938లో ప్రజలందరూ ఓటు వేసి దానిని నాలుగవ జాతీయభాషగా చేసుకొన్నారు. బడిలో పాఠాలు, ఊరి పేర్ల పలకలు ఆ భాషలో ఉన్నాయి. "మా కోయ మాట్లాడేవాళ్ళు లక్షల్లో ఉన్నారు సార్. ఇంటర్ రెండేళ్ళూ నేను తరగతిలో ఒక్క కోయమాట పైకి అనలేదు" అన్నది ఆ అమ్మాయి. ఆ మాటకు నేను జవాబు చెప్పలేదు. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

అంతా అక్కడే గొప్ప అనుకోవలసిన పనీ లేదు. ఆగస్టు 1 వారి జాతీయ దినం. కొండల మీద మంటలు వేసి పండుగ చేసుకొంటారు. ఆ రాత్రి తోటివారు తమ ప్రజాస్వామ్యం 1291 నాటిదని చెబుతూంటే, ఆడవాళ్ళకు ఓటు ఎప్పుడు వచ్చిందని ఈమె అడిగిందట. సమాఖ్య ఎన్నికల్లో 1971లో. అపెంజెల్ ఇన్నర్‌రోడెన్ అనే కాంటన్‌లో స్థానిక వ్యవహారాలకు 1990లో, అదీ న్యాయస్థానం ఆజ్ఞాపించిన మీదట! "మా నాయనమ్మ 1952 ఎన్నికల్లోనే ఓటు వేసింది" అని చెబితే అందరూ చప్పట్లు కొట్టారట.

ఇక అసలు సంగతి. 1912లో అమలుకు వచ్చిన స్విస్ పౌరస్మృతిలో 699వ అధికరణం ఒకటి ఉన్నది. అడవి ఎవరిదైనా సరే, ఆ ఊరి ఆచారం మేరకు ఎవరైనా అందులో ప్రవేశించవచ్చు. అడవిపండ్లూ పుట్టగొడుగులూ ఏరుకోవచ్చు. ఆ అడవుల్లో పెద్దభాగం పౌరసంఘాల వంటి ప్రజాసంస్థల సొత్తు. మన దేశంలో ఇప్పపువ్వు, తునికాకు ఏరుకొనే హక్కును, 2005 డిసెంబరు 13కు పూర్వం నుంచి సాగులో ఉన్న పోడుభూమి మీద హక్కును గుర్తిస్తూ 2006లో చట్టం వచ్చింది. తెలంగాణలో 2023లో పట్టాలు పంచినప్పుడు మా గూడేల్లోనూ పండుగ జరిగింది. అయినా అడవి కాపాడడం ఒకరి పని, అడవిలో బతకడం మరొకరి పాపం అన్న పాత భావన మనలో పూర్తిగా పోలేదు. ఆండెర్‌మట్ వాళ్ళకు ఆ రెండూ ఒకటే పని.

ఆమె తిరిగివచ్చిన వారంలోనే, 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో, కుంభవృష్టి కురిసి మున్నేరు పొంగింది. ఖమ్మంలో కాలనీలకు కాలనీలు మునిగిపోయాయి. ఆ రోజే ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో గాలికి వేలాది చెట్లు కూలిపోయాయి. అదే సంవత్సరం జూన్ నెలాఖరున అక్కడ రోన్ నది పొంగి సియేర్, షిప్పీ ఊళ్ళ దగ్గర కర్మాగారాల్లోకి నీళ్ళు రావడం ఆమె చూసివచ్చింది. అడవి ఉంటే వరద రాదా అని నేను అడిగితే, తన గురువుల మాటగా ఇలా చెప్పింది: నడిమి వానలను అడవినేల స్పంజిలా పీలుస్తుంది, వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి, నేల పూర్తిగా నానిపోయాక కురిసే వానకు మాత్రం చెట్టూ చేతులెత్తేస్తుంది. అడవి రక్షే గాని వజ్రకవచం కాదు. అందువల్లనే అడవితోపాటు నదికి చోటు కూడా వదలాలి.

ఈ సమాధానంలో సగం ప్రయోగశాలలో నేర్చుకొన్నది. సగం శని, ఆదివారాల్లో కాళ్ళు అరగదీసి నేర్చుకొన్నది. ఏది ఎంత అని విడదీసి చెప్పడం ఆమెకే సాధ్యం కాలేదు. పిల్లలను పైదేశాలకు పంపే తల్లిదండ్రులు సెలవురోజు తిరుగుళ్ళను చూసి బెంగపడనక్కరలేదు. వారమంతా చేసిన పనికి ఆ తిరుగుడుతో ఏమి సంబంధమో మాత్రం అడగండి. జవాబు తడుముకోకుండా వస్తే డబ్బు దండుగ కానట్లే.

టేకు కూడా ఏడాదికొక వలయం వేస్తుందట. మా ఊరి పొలాల గట్ల మీద కొట్టివేసిన టేకు మొద్దులు ఎన్నో ఉన్నాయి; వానకు తడిసినప్పుడు వాటి గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. కరువులు, మంచి కార్తెలు, అడవి ఉన్న రోజులు అన్నీ వాటిలో వరుసగా ఉన్నాయి. వాటిని చదివే పనికి ఆ అమ్మాయి ఈ సంవత్సరం పూనుకొన్నది. మొదటి మొద్దు వాళ్ళ నాన్న చేనిలోదే.