ఎర్రకోటలో నీటి గలగల

గ్రనడాలో చదువుకునే విద్యార్థికి అల్‌హంబ్రా రోజూ కనిపిస్తూనే ఉంటుంది. తరగతికి పరుగెడుతున్నా, సందు చివర కాఫీ తాగుతున్నా తలెత్తితే చాలు... కొండమీద ఎర్రటి గోడలు, వాటి వెనక సియెర్రా నెవాడా మంచుకొండలు. 'ఎదురుగానే ఉందిగా, ఎప్పుడైనా వెళ్లొచ్చులే' అనుకుంటారు. తీరా బయల్దేరితే టికెట్లుండవు! దొరికినా నస్రీద్ రాజమందిరాల్లోకి అందులో ముద్రించిన వేళకే వెళ్లాలి. ఆలస్యమైతే అంతే సంగతులు.

అరబ్బీలో అల్‌హంబ్రా అంటే 'ఎర్రనిది'. 1238లో గ్రనడాకు వచ్చిన నస్రీద్ రాజు మొదటి మహమ్మద్ దీనికి శ్రీకారం చుట్టాడు. మరి అంత ఎత్తున నీళ్లెలా? దారో నదికి ఎగువన ఆరు కిలోమీటర్ల దూరంలో నీటిని మళ్లించి, వాలు చూసుకుంటూ కాలువలో కొండమీదికి నడిపించారు. మోటార్లు లేని రోజుల్లో!

ఆ నీటి సొగసు చూడాలంటే అయిదో మహమ్మద్ 14వ శతాబ్దంలో కట్టించిన సింహాల ప్రాంగణానికి వెళ్లాలి. 124 సన్నని స్తంభాలు, నడుమ తొట్టిని మోస్తూ 12 పాలరాతి సింహాలు. తొట్టి అంచున ఇబ్న్ జమ్రక్ కవిత చెక్కి ఉంటుంది. పక్కనే స్పెయిన్ రాజు అయిదో చార్లెస్ కట్టించిన రాతి భవనం... బయట చదరం, లోపల గుండ్రం. విడిగా చూస్తే గొప్పదే. ఇక్కడ మాత్రం పెళ్లింటికి యూనిఫాంలో వచ్చిన పోలీసులా ఉంటుంది!

1492 జనవరి 2న చివరి నస్రీద్ రాజు బోఅబ్దిల్ ఈ కోటను ఇసబెల్లా, ఫెర్డినాండ్ దంపతులకు అప్పగించాడు. ముస్లింల మతానికి అడ్డు రాబోమన్న ఒప్పందం పదేళ్లయినా నిలవలేదు. యూదులకైతే మూడు నెలలే... దేశం విడిచి పొమ్మన్న ఉత్తర్వు మార్చి 31న ఇక్కడే వెలువడింది. ఆ ఏప్రిల్‌లోనే దగ్గర్లోని సాంతా ఫేలో కొలంబస్‌తో ఒప్పందం కుదిరింది. మనవైపు రావడానికి పడమటి దారి వెతుకుతానన్నది ఆయనే!

1812లో వెనుదిరుగుతూ ఫ్రెంచి సైనికులు కొన్ని బురుజుల్ని పేల్చేశారు. 1829లో ఇక్కడ బస చేసిన అమెరికా రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ పుస్తకం రాశాక, శిథిలాల వైపు లోకం చూపు మళ్లింది. 1984లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది.

టికెట్టు దొరకనివాళ్లు ఎదుటి అల్బాయ్‌సిన్ గుట్టమీది శాన్ నికోలస్ మెట్ట ఎక్కుతారు. అక్కడికి పైసా ఖర్చులేదు. పొద్దు వాలేవేళ గోడలు మరింత ఎర్రబడతాయి. నీటి గలగల మాత్రం అంత దూరం వినిపించదు.