ముద్ద మ్రింగిన తరువాత

వంటకు మనమిచ్చు శ్రద్ధలో పదియవ వంతైనను, ఆ తిన్నది కడుపులో నేమగుచున్నదో తెలిసికొనుటకు మన మియ్యము. మేమును అట్లే యుంటిమి. మా దేహమే మాకు పాఠము చెప్పవలసి వచ్చినది.

రెండేండ్ల క్రిందట అట్లతద్ది నాడు పగలెల్ల ఉపవాసముండి, చంద్రుని చూచిన పిదప నేయి వేసిన అట్లు తింటిమి. నడిరేయి కుడి ప్రక్కటెముకల క్రింద శూలమువంటి నొప్పి పుట్టి భుజమువరకు ప్రాకినది. "పైత్యము చేసియుండునే అమ్మాయీ, జీలకర్ర కషాయము త్రాగుము" అని మా అత్తగారనిరి. త్రాగితిమి, తెల్లవారుసరికి తగ్గినది. తరువాత ఏ విందు జరిగినను ఆ నొప్పి మరల వచ్చుచునే యుండెను. ఏడాది కాలము ఇంటిల్లిపాదికి వడ్డించుచు దానిని కొంగుచాటున దాచుకొంటిమి. తుదకు కన్నులు పచ్చబడగా ఆసుపత్రికి పోక తప్పలేదు. పిత్తాశయమున రాళ్లున్నవనియు, అందొకటి జారి పైత్యరసనాళమున కడ్డుపడినదనియు తేలినది.

అచ్చటి వైద్యురాలు కాగితముపై బొమ్మ గీసి మాకు చెప్పిన విషయమిది. జీర్ణాశయమున పులిసిన జావవలె మారిన ఆహారము కొంచెము కొంచెముగా చిన్న ప్రేగులోనికి దిగును. ఈ ప్రేగు ఇంచుమించు 20 అడుగుల పొడవు. దీని మొదటి భాగము ఆంత్రమూలము. జానెడు కంటె కొంచెమెక్కువ. జీర్ణకార్యములో ముఖ్యభాగ మిచ్చటనే ఆరంభమగును. జీర్ణాశయము వెనుకనున్న క్లోమము తన రసమును పంపి ఆ పులుపును విరిచి, అన్నములోని పిండిని చక్కెరగాను, పప్పులోని మాంసకృత్తులను చిన్న చిన్న తునుకలుగాను, నేతిని సూక్ష్మాంశములుగాను విడగొట్టును. పులుపు తగిలినంతనే ప్రేగుగోడ నుండి ఒక రసాయనము నెత్తురులో కలిసి క్లోమమునకు వార్త చేర్చునని 1902లో బేలిస్, స్టార్లింగ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

మరి పైత్యరసమేమి చేయును? తలంటునాడు నూనె పట్టిన జుట్టుకు కుంకుడుపులుసు చేయు పనియే. క్రొవ్వును సన్నని బిందువులుగా చెదరగొట్టి, క్లోమరసమునకు అందుబాటు చేయును. దీనిని తయారుచేయునది కాలేయము. చిక్కబరచి దాచునది పిత్తాశయము. నేయి తగిలిన భోజనము చేసినప్పుడు ఈ సంచి గట్టిగా ముడుచుకొనును. లోన రాయి యుండి దారికడ్డుపడిన నొప్పి పుట్టును. మా అట్లతద్ది నొప్పికి కారణ మిదియే!

ఇట్లు కరగిన సారమును, ముఖమలు గుడ్డ నూగువలె ప్రేగు లోపలివైపు నిండియున్న చూషకములు పీల్చుకొనును. చక్కెర మొదలగునవి నెత్తురు ద్వారా మొదట కాలేయమునకే చేరును. క్రొవ్వులో పెద్దపాలు వేరు నాళములలో పోయి పిదప నెత్తురున కలియును.

ఈ రాళ్లు పురుషులలో కంటె స్త్రీలలో అధికము. గర్భధారణము ఒక కారణము. దీర్ఘకాలము ఆహారము లేనిచో పిత్తాశయము ముడుచుకొనక, రసము నిలువయుండి చిక్కబడుటయు మరియొక కారణము. "మీరు ప్రతిదినము ఎన్ని గంటలకు భోజనము చేయుదురు?" అని వైద్యురాలడిగెను. మాకు ఉత్తరము తోచలేదు. అందరి వేళలును మాకు తెలియును. మా వేళయే తెలియదు.

నాళములోని రాతిని ముందు తీసి, పిదప చిన్న రంధ్రముల ద్వారా పిత్తాశయమును తొలగించిరి. ఇప్పుడు పైత్యరసము కాలేయము నుండి నేరుగా ప్రేగులోనికి జారుచున్నది; భోజనము చక్కగానే జీర్ణమగుచున్నది.

సోదరీమణులారా! అట్టి నొప్పి మరల మరల వచ్చిన కషాయములతో కాలము గడపకుడు. జ్వరము వచ్చినను, కన్నులు పచ్చబడినను ఒక్కదినమైనను ఆగకుడు. మా ఇంట నిప్పుడు మధ్యాహ్నము పండ్రెండు కాగానే అత్తగారు రెండు పీటలు వాల్చి, "రావే అమ్మాయీ, వడ్డన తరువాత చూచుకొందము" అని పిలుచుచున్నారు.