పచ్చబొట్టు ఉన్నవాళ్లకు ప్రవేశం లేదు

మేం నలుగురం భద్రాచలం ఏజెన్సీ కోయ అమ్మాయిలం, హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. పోయిన అక్టోబర్‌లో కాలేజీ తరఫున పది రోజులు జపాన్ వెళ్లొచ్చాం. ఎలా ఉందో రాయమని చాలామంది అడిగారు. పాస్‌పోర్టు తిప్పలు, విమానం, తిండి అన్నీ ఇంకోసారి రాస్తాం. ఇప్పుడు ఒక్క స్నానం గురించే. పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి.

జపాన్‌కు ఉత్తరాన హొక్కయిడో అనే పెద్ద దీవి ఉంది. అక్కడ సప్పోరో నుంచి రైలెక్కితే గంటంపావులో నొబొరిబెత్సు. స్టేషన్ సముద్రం పక్కన, వేడినీళ్ల ఊరేమో కొండల్లో. బస్సు దిగకముందే కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టింది. గంధకం వాసన అది. ఊరి పై చివర జిగొకుదాని, అంటే నరకలోయ. అగ్నిపర్వతం పేలిన చోట మిగిలిన గుంట, 450 మీటర్ల వెడల్పు ఉంటుంది. చెట్టూ చేమా లేదు. నేలంతా పసుపు, ఎరుపు, బూడిద రంగులు, ఎటు చూసినా ఆవిరి. నిమిషానికి 3,000 లీటర్ల వేడినీళ్లు ఉబుకుతాయట. ఆ నీళ్లే హోటళ్ల తొట్లలోకి వస్తాయి. మన గుండాల దగ్గర గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే ఊరే వేడినీళ్లు గుర్తొచ్చాయి. అక్కడ ఇసుకలో చిన్న గుంట, ఇక్కడ దాని మీద ఒక ఊరే బతుకుతోంది.

మేం దిగింది పాతకాలం పద్ధతి సత్రంలో. చాపల గది, నేల మీద పరుపులు, వేసుకోవడానికి యుకతా అనే నూలు అంగీ. దాని ఎడమ అంచు పైకి రావాలి, కుడి అంచు పైకి వేస్తే శవానికి తొడిగినట్టట. మాలో ఇద్దరం అలాగే వేసుకుని వరండాలో తిరిగాం! ఒక ముసలమ్మ పరుగున వచ్చి సరిచేసింది.

స్నానం ఆడవాళ్లకు వేరు, మగవాళ్లకు వేరు. కానీ ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు. ముందు చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా కడుక్కోవాలి, తర్వాతే తొట్టిలో దిగాలి. హాస్టల్లో తెల్లారి నాలుగింటికి బకెట్లు పట్టుకుని లైన్లో నిలబడి, లంగా కట్టుకునే స్నానం చేసేవాళ్లం మేం. సిగ్గు చచ్చిపోవడానికి రెండు రోజులుగా మాలో మేం ధైర్యం చెప్పుకుంటున్నాం. తీరా తలుపు దగ్గరికి వెళ్తే సమస్య సిగ్గు కాదు. అక్కడ ఒక బోర్డు ఉంది. మాతో వచ్చిన జపాన్ విద్యార్థిని చదివి చెప్పింది. పచ్చబొట్టు ఉన్నవాళ్లకు ప్రవేశం లేదు.

మాలో ఒకరికి మణికట్టు నుంచి మోచేతి దాకా పచ్చబొట్టు ఉంది. చిన్నప్పుడు జాతరలో వాళ్ల అమ్మమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుని పొడిపించింది. "నగలు ఎవడైనా గుంజుకుంటాడు, ఇది గుంజుకోలేడు" అనేదట ఆ అమ్మమ్మ. జపాన్‌లో మాఫియా వాళ్లు ఒళ్లంతా పచ్చబొట్లు వేసుకుంటారు, అందుకే ఆ నియమం అన్నారు. సత్రం ఆవిడ నడుం వంచి పదిసార్లు క్షమించమంది, చర్మం రంగు స్టిక్కర్లు రెండు తెచ్చిచ్చింది. రెండూ అంటిస్తే చేతిలో సగం కూడా కప్పలేదు. పైగా ఆ రంగు మా చర్మం రంగు కాదు.

"మీరు పోండే, ఇంత దూరం వచ్చి" అంది మా పిల్ల. ముగ్గురం పోయాం. నీళ్లు పాలలా తెల్లగా, ఒంటికి హాయిగా ఉన్నాయి. అబద్ధం ఎందుకు, చాలా బాగున్నాయి. బయట తను చాప మీద కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. పోకుండా ఉండాల్సిందా? ఇప్పటికీ మాలో మాకు తెగలేదు. ఒకసారి రాత్రి హాస్టల్లో ఇదే మాట మీద పోట్లాడుకున్నాం కూడా.

అసలు సంగతి మర్నాడు తెలిసింది. ఆ ఊరి పేరే జపాన్ మాట కాదు. అక్కడి ఆదివాసులు ఐనులు. వాళ్ల భాషలో నుపుర్ పెత్ అంటే చిక్కని రంగు నీళ్ల ఏరు. అదే నొబొరిబెత్సు అయింది. పక్క ఊరు షిరావొయిలో 2020లో తెరిచిన ఉపొపొయ్ అనే జాతీయ ఐను మ్యూజియం ఉంది, తిరుగు దారిలో దిగాం. ఐను ఆడవాళ్లు మూతి చుట్టూ, చేతుల మీద పచ్చబొట్టు పొడిపించుకునేవాళ్లు. 1871లో సర్కారు దాన్ని నిషేధించింది. ఐనులు ఆదివాసులని చట్టంలో రాసింది 2019లో. 2013లో ఒక మావోరీ పెద్దావిడ ఆదివాసీ భాషల సభ కోసం న్యూజిలాండ్ నుంచి హొక్కయిడో వస్తే, ముఖం మీద పచ్చబొట్టు ఉందని ఒక స్నానశాలలోకి రానివ్వలేదట. అంటే మా పిల్ల మొదటిది కాదు. పేరు వాళ్లది ఉంచుకున్నారు, వాళ్ల ఒంటి మీది గుర్తు మాత్రం వద్దన్నారు.

ఇంకొకరి గురించి కూడా చెప్పాలి. చిరి యుకియె. 1903లో ఆ నొబొరిబెత్సులోనే పుట్టిన ఐను అమ్మాయి. ఐను భాషకు లిపి లేదు. ఇంట్లో పెద్దవాళ్ల నోట విన్న పాటల కథలు పదమూడింటిని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, పక్కనే జపాన్ భాషలో అర్థం పెట్టింది. 1922లో అచ్చు ప్రతి దిద్దడం పూర్తిచేసిన రోజే గుండె జబ్బుతో చనిపోయింది. పందొమ్మిదేళ్లు. మాకు ఇరవై.

ముందురోజు సాయంత్రం సంగతి ఒకటి మిగిలింది. సత్రం నుంచి కొండెక్కితే అడవిలో ఒయునుమా అనే వేడి చెరువు, దాని నుంచి పారే వాగు ఉన్నాయి. ఆ వాగులో ఎవరైనా కాళ్లు పెట్టుకుని కూర్చోవచ్చు. టికెట్టు లేదు, బోర్డు లేదు. ఆకులు ఎర్రబడిపోయి ఉన్నాయి. నలుగురం పాంటు మడిచి కూర్చున్నాం. మా పిల్ల చేయి కూడా మోచేతి దాకా ముంచి అలాగే ఉంచింది. మేం ఏం మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక ఇదంతా వాళ్ల అమ్మమ్మకు చెప్పింది. ముసలామె బోర్డు గురించి పట్టించుకోలేదు. "నీళ్లు మన గుండాల నీళ్ల లెక్కనే వాసనొచ్చినయా?" అని మాత్రం అడిగింది. తర్వాత తన చేతి మీది గుర్తుల పేర్లు ఒక్కొక్కటి కోయలో చెప్పింది. ఏడు చెప్పి, మిగతావి మర్చిపోయానంది. ఆ ఏడూ తెలుగు అక్షరాల్లో రాసుకున్నాం. పొడిచే మనిషి ఇప్పుడు ఆ ఊళ్లో లేదు. మీ ఇళ్లల్లో పచ్చబొట్లున్న అమ్మమ్మలు, నానమ్మలు ఉంటే అడిగి, గుర్తుల పేర్లు రాసి కింద పెట్టండి. వాళ్లు సరేనంటేనే ఫొటో.