మా రాజాగాడి బాక్సు సీటు

1994లో వచ్చిన "హమ్ ఆప్ కే హై కౌన్" మీలో చాలామంది చూసే ఉంటారు. తెలుగులో "ప్రేమాలయం". అందులో టఫీ అనే తెల్లకుక్క తమ్ముడికివ్వాల్సిన చీటీని అన్నగారి చేతికిచ్చి కథనే మలుపు తిప్పేస్తుంది! అది చూసి, కుక్కపిల్లంటే పుట్టుకతోనే అన్నీ తెలిసొస్తాయనుకున్న బుద్ధితక్కువ వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మా మొదటి కుక్కపిల్ల పేరు చిట్టి. మూడు నెలలది. ఓ ఆదివారం దాన్ని హాల్లో వదిలి, తాళం వేసి, అందరం మ్యాట్నీకి వెళ్ళాం. మేం ఇంటర్వెల్లో పకోడీలు తింటూ హీరో ఫైట్ల గురించి వాదించుకుంటుంటే, ఇంట్లో అది టేబుల్ ఫ్యాన్ వైరు కొరికింది. తిరిగొచ్చి తలుపు తీశాక చూసింది ఇక్కడ రాయలేను. ఆ సినిమా టీవీలో వస్తే ఇప్పటికీ ఛానెల్ మార్చేస్తాను.

ఏడాదిన్నర తర్వాత రాజాగాడొచ్చాడు. లాబ్రడార్ పిల్ల, రెండు నెలలవాడు. వాడితోపాటే ఇనప చువ్వల పెట్టె కూడా కొన్నాను. షాపులో క్రేట్ అన్నారు. అమ్మ మండిపడింది.

"పసివాణ్ణి జైల్లో పెడతావట్రా?"

చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది. పశువుల డాక్టరుగారు మాత్రం నవ్వి, "మంచం కింద దూరి పడుకోవడం చూళ్ళేదటయ్యా? ఇదీ అలాంటి చోటే" అన్నారు. పడుకునే చోటు పాడుచేసుకోవడం కుక్కకి ఇష్టం ఉండదట. అందుకని పెట్టె లేచి నిలబడి, వెనక్కి తిరిగి, కాళ్ళు చాపుకునేంత ఉంటే చాలు. మరీ పెద్దదైతే ఓ మూల పడగ్గది, ఇంకో మూల దొడ్డి పెట్టేసుకుంటాడు!

మూడు రోజులు తలుపే వెయ్యలేదు. అన్నం గిన్నె లోపల పెట్టేవాణ్ణి. తర్వాత వాడు తింటుంటే వేసి, తినగానే తీసేవాణ్ణి. ఆపైన ఒక నిమిషం, అయిదు, పది... రాత్రుళ్ళు పెట్టె నా మంచం పక్కనే. రెండింటికి కుయ్‌మంటే లేచి బయటికి తీసుకెళ్ళడం. ఆ నిద్రలేమి సంగతి అడక్కండి.

అంతా బాగుందనుకుంటుండగా నా కొత్త చెప్పు కొరికేశాడు. కోపం పట్టలేక తిట్టి, పెట్టెలోకి తోసి గడియ పెట్టాను. అంతే! రెండు రోజులు అన్నం పెట్టినా లోపలికి అడుగెయ్యలేదు. "ఇప్పుడు చేశావు చూడు, అదీ జైలంటే" అంది అమ్మ. నోరెత్తలేదు. మళ్ళీ మొదటి రీలు నుంచీ మొదలు.

ఇంకో చిక్కు. మూడు నెలల పిల్లని పగటిపూట మూడు, నాలుగు గంటలకి మించి ఉంచకూడదు. సినిమా, రానూపోనూ బస్సు కలిస్తే అంతకంటే ఎక్కువే. అందుకని నేను మ్యాట్నీ, తమ్ముడు ఫస్ట్‌షో. ఒకే సినిమాకి ఇద్దరం విడివిడిగా వెళ్ళొచ్చేవాళ్ళం.

వాడికి ఆరో నెల వచ్చాక మళ్ళీ అందరం కలిసి వెళ్ళాం. బయటికి తిప్పుకొచ్చి, మెడపట్టీ తీసి, పెట్టెలో పడుకోబెట్టి, పైన ఫ్యాన్ వేసి మరీ బయల్దేరాం. ఇంటర్వెల్లో పకోడీ గొంతు దిగలేదు.

ఇంటికొచ్చి పెట్టె తలుపు తీస్తే రాజాగాడు బద్ధకంగా ఆవలించి, ముందుకాళ్ళు చాపి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. అమ్మ పెట్టె ముందు చతికిలబడి, "లేరా నాయనా" అంటూ వాడి తల నిమిరింది.

రాత్రి భోజనాల దగ్గర తమ్ముడు "క్లైమాక్స్ ఎలా ఉందమ్మా?" అనడిగాడు.

"ఏమోరా, వాచీ చూసుకుంటూ కూర్చున్నాను" అంది అమ్మ.

నేనూ అంతే.