వినబడని పిలుపు

మా రెండవ కాన్పు నాటికి మాకు ఇరువదియేడేండ్లు. పురుడు వెళ్లిన పిమ్మట, వసారా నుండి అత్తగారు పిలిచిన పిలుపు వంటయింటనున్న మాకు వినబడుట తగ్గెను. ఆమె మొదట దానిని పొగరనుకొనిరి. మేము మెల్లగా మాటాడుట చూచి బిగువనుకొనిరి. చుట్టములు "చెవిటివాని ముందు శంఖమూదినట్లు" అని నవ్వుచుండిరి. ఆ సామెతను మేమును చిన్ననాట వాడినవారమే. దాని పోటు మాకు తగులునంతవరకు తెలియలేదు.

వింత యేమనగా, రైలుబండి రొదలో మాకు మాటలు చక్కగా వినబడెడివి. అది కనిపెట్టి మా ఆడుబిడ్డ, "వదినకు కావలసినప్పుడు వినబడుతుంది" అనెను. ఒకనాడు ప్రక్కగదిలో పసిబిడ్డ యెంతసేపు ఏడ్చెనో మాకు తెలియలేదు. పెద్దపిల్ల వచ్చి చెరగు పట్టి లాగగా పరుగెత్తితిమి. బిడ్డ గొంతు అప్పటికే బొంగురుపోయియుండెను. వైద్యునియొద్దకు పోవలెనని ఆ రాత్రియే మా వారితో చెప్పితిమి.

వైద్యుడు పరీక్షించి ఓర్పుతో బోధించెను. కర్ణభేరికి లోపల సుత్తె, దాగలి, అంకవన్నె యను మూడు చిన్న యెముకలు గొలుసువలె నుండును. ధ్వని తాకగా కర్ణభేరి అదరును. ఆ యదురును ఈ యెముకలు లోచెవికి అందించును. అంకవన్నె మన దేహమందలి యెముకలన్నిటిలో చిన్నది. సుమారు 3 మిల్లీమీటర్లుండును. దాని యడుగున క్రొత్త యెముక పెరిగి పట్టివేసినచో అది కదలదు. ఈ వ్యాధికి ఆటోస్క్లిరోసిస్ అని పేరు. ఇది తరచుగా వంశములో వచ్చును. పురుషులకంటె స్త్రీలలో హెచ్చు. కొందరికి గర్భధారణ కాలమున ముదురును. తమ గొంతు తమకే బిగ్గరగా వినబడుటచే ఈ రోగులు మెల్లగా మాటాడుదురు. రొదలో ఇతరులు గొంతు పెంచుటచే వీరికి మాటలు తెలియును.

మా దోషములనబడినవన్నియు రోగలక్షణములే! చెవిటి మాలోకమని పేరుపడి కన్నుమూసిన మా తల్లి అప్పుడు జ్ఞప్తికి వచ్చెను.

శస్త్రచికిత్స యనగా భయపడితిమి. మా అన్నగారు ధైర్యము చెప్పుచు శామ్యూల్ రోజెన్ చరిత్ర వినిపించిరి. ఆయన 1897లో అమెరికాలోని సిరక్యూస్ నగరమున జన్మించి, న్యూయార్కులో చెవివైద్యుడయ్యెను. ఆ దినములలో ఈ వ్యాధికి లోచెవి గోడకు క్రొత్త రంధ్రము చేయుచుండిరి. 1952లో అట్టి చికిత్సకు ముందు, అంకవన్నె నిజముగా బిగిసినదా యని ఆయన పరీక్షించుచుండగా అది కదలెను. చెవికి మాత్రమే మత్తు ఇచ్చియుండుటచే మెలకువగా నున్న రోగి, తనకు వినబడుచున్నదని చెప్పెను. 19వ శతాబ్దముననే కొందరిట్లు ప్రయత్నించిరి గాని, పెద్దవైద్యులు నిరర్థకమనియు అపాయకరమనియు నిరసించుటచే ఆ పద్ధతి మూలబడెను. రోజెన్ దానిని మరల పైకి తెచ్చి, మృతదేహముల చెవులపై అభ్యసించి, పలుదేశముల వైద్యులకు నేర్పెను. ఆయన 1981లో మరణించెను.

కదల్చిన యెముక పలువురిలో మరల బిగిసెడిది. 1956లో మెంఫిస్ నగరమున జాన్ షీ ఆ యెముకనే తీసి, టెఫ్లానుతో చేసిన కృత్రిమ అంకవన్నెను అమర్చెను. నేటి చికిత్స ఆ త్రోవనే నడచుచున్నది.

అరుదుగా ఉన్న వినికిడియు పోవచ్చునని వైద్యుడు దాచక చెప్పెను. వినికిడి యంత్రముతో సరిపెట్టుకొనవచ్చుననియు తెలిపెను. ఆలోచించి, ఒక్క చెవికి ఒప్పుకొంటిమి.

చెవిలోని దూది తీసి ఇంటికి వచ్చిన నాడు, వసారా నుండి "అమ్మాయీ" యను పిలుపు వినబడెను. "ఏమత్తయ్యా?" యంటిమి. అత్తగారు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "ఊరికే పిలిచానమ్మా" అనిరి.

సోదరీమణులారా, పిలిచిన పలుకని కోడలిని, చెప్పిన వినని బిడ్డను కోపించుటకు ముందు వినికిడి పరీక్ష చేయింపుడు. చీము కారు చెవి వేరు జబ్బు. అందు వేడినూనెలు పోయక వైద్యునికి చూపుడు. మా రెండవ చెవి నేటికిని మందమే. మా పెద్దపిల్ల చెవులను ఏటేట పరీక్ష చేయించుచున్నాము. ఆమె యెన్నడైన పలుకకున్నచో, ఈ యింట దానిని పొగరని యెవ్వరు ననరు.